పికల్యోవో: ఒక చిన్న రష్యన్ ఫ్యాక్టరీ ఊరి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రష్యాలో ఒక్క ఫ్యాక్టరీని నమ్ముకుని బతికే ఊళ్ళు 300కి పైగా ఉన్నాయి. వాటిలో ప్రపంచానికి బాగా తెలిసింది పికల్యోవో. 2009 వేసవిలో అక్కడి జనం హైవే మీద రాస్తారోకో చేశారు, రెండు రోజుల్లో దేశ ప్రధాని ఊళ్ళోకి వచ్చాడు. ఆ వార్త చదివినవాళ్ళకి మామూలుగా వచ్చే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి: ఆ ఊరికి సొంత మున్సిపాలిటీ లేదా? ఉంటే ఏం చేస్తోంది? ఫ్యాక్టరీ ఆగితే ఇళ్ళల్లో వేడినీళ్ళు ఎందుకు ఆగిపోయాయి? ఊరి బతుకు ఎవరి చేతిలో ఉందో, పాలన ఎవరి చేతిలో ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే గానీ వీటికి జవాబు దొరకదు.

పికల్యోవో ఎక్కడ ఉంది? ఎంత పెద్దది?

రష్యా వాయవ్య భాగంలో, లెనిన్‌గ్రాద్ ఓబ్లాస్ట్ తూర్పు కొసన ఉంది. ఓబ్లాస్ట్ అంటే అక్కడ రాష్ట్రం లాంటిది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి దాదాపు 245 కిలోమీటర్లు. పీటర్స్‌బర్గ్ నుంచి వోలోగ్దా వెళ్ళే రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది. నోవయా లాదొగా నుంచి వోలోగ్దా వెళ్ళే ఏ-114 హైవే కూడా ఊరి పక్కనుంచే వెళ్తుంది. 2010 జనాభా లెక్కల్లో ఊళ్ళో 21 వేల పైచిలుకు మంది ఉన్నారు. ఆ తర్వాత ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది.

లెనిన్‌గ్రాద్ పేరు పోయి చాలా ఏళ్ళయింది కదా, ఓబ్లాస్ట్‌కి ఇంకా ఆ పేరెందుకు?

1991లో నగరం తన పాత పేరు తిరిగి పెట్టుకుంది, చుట్టూ ఉన్న ఓబ్లాస్ట్ మాత్రం పెట్టుకోలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ ఈ ఓబ్లాస్ట్‌లో భాగం కాదు, అది విడిగా ఒక ఫెడరల్ విభాగం. అయినా ఓబ్లాస్ట్ ప్రభుత్వం దశాబ్దాలుగా ఆ నగరంలోనే కూర్చుని పనిచేస్తోంది. 2021లో గాత్చినా పట్టణాన్ని అధికారికంగా పాలనా కేంద్రంగా ప్రకటించారు. పికల్యోవో నుంచి గాత్చినా ఇంకా దూరం.

పికల్యోవోయే జిల్లా కేంద్రమా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పికల్యోవో ఉన్నది బోక్సితోగోర్స్క్ జిల్లాలో, కేంద్రం కూడా బోక్సితోగోర్స్క్ పట్టణమే. 2010 లెక్కల ప్రకారం ఆ పట్టణ జనాభా 16 వేల పైచిలుకు. అంటే జిల్లాలో పెద్ద ఊరు పికల్యోవో, ఆఫీసులన్నీ ఉన్నది చిన్న ఊళ్ళో.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. తిఖ్విన్ పట్టణం దగ్గర 1916లో బాక్సైట్ ఖనిజం బయటపడింది. సోవియట్ ప్రభుత్వానికి విమానాల కోసం అల్యూమినియం కావాలి. 1929లో గని కార్మికుల కోసం అడవిలో ఒక వాడ కట్టారు, అదే ఇప్పటి బోక్సితోగోర్స్క్. 1932లో వోల్ఖోవ్‌లో దేశపు తొలి అల్యూమినియం ప్లాంట్ మొదలైనప్పుడు దానికి ముడిసరుకు ఈ చుట్టుపక్కల గనుల నుంచే వెళ్ళింది. 1938లో బోక్సితోగోర్స్క్‌లోనే అల్యూమినా (అల్యూమినియం తీయడానికి వాడే తెల్లటి పొడి) కర్మాగారం వచ్చింది. 1950లో పట్టణ హోదా దక్కింది, 1952లో జిల్లా ఏర్పడి ఇదే కేంద్రమైంది. పికల్యోవోకి పట్టణ హోదా వచ్చింది 1954లో. ఆ తర్వాత పికల్యోవో ఎంత పెరిగినా కుర్చీ మాత్రం మారలేదు.

సోవియట్ యూనియన్ పోయాక కొన్నేళ్ళు పికల్యోవో జిల్లాతో సంబంధం లేకుండా తన పాలన తనే చూసుకుంది. 2006 నుంచి మళ్ళీ బోక్సితోగోర్స్క్ జిల్లా కిందికి వచ్చింది. ఇప్పుడు దాని అధికారిక పేరు ‘పికల్యోవో పట్టణ సెటిల్‌మెంట్’. ఈ మార్పు కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. మూడేళ్ళకే సంక్షోభం వచ్చినప్పుడు దీని బరువు తెలిసింది.

పట్టణ సెటిల్‌మెంట్ అంటే ఏమిటి? దాని పనులేమిటి?

2003లో వచ్చిన 131వ నంబరు ఫెడరల్ చట్టం స్థానిక పాలనను రెండు అంతస్తులుగా కట్టింది. పై అంతస్తు మున్సిపల్ జిల్లా. కింద పట్టణ, గ్రామ సెటిల్‌మెంట్లు. ఈ రెండిటినీ కలిపేసి ఒకే అంతస్తుగా నడిచే పెద్ద పట్టణాలకి ‘నగర ఒక్రుగ్’ అని పేరు.

సెటిల్‌మెంట్ చేతిలో ఉండేవి ఊరి వీధులు, దీపాలు, మంచినీళ్ళు, ఇళ్ళకి వేడి సరఫరా, చెత్త, పార్కులు, శ్మశానం. బళ్ళు, అంగన్‌వాడీ వయసు పిల్లల కేంద్రాలు జిల్లా చూసుకుంటుంది. ఆసుపత్రులు ఓబ్లాస్ట్ కింద ఉంటాయి. పోలీసు, కోర్టు, పన్నుల ఆఫీసు ఫెడరల్ ప్రభుత్వానివి. ఫ్యాక్టరీ సంగతి ఈ జాబితాలో ఎక్కడా రాదు. అది ప్రైవేటు ఆస్తి. ఊరి మొత్తాన్ని పోషించే ఫ్యాక్టరీ మూతపడినా దాని తాళం తీయించే అధికారం ఊరి పెద్దకి లేదు.

ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీ ఉంటే మున్సిపాలిటీకి డబ్బు బాగా రావాలి కదా?

రాదు. రష్యా బడ్జెట్ కోడ్ చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఫ్యాక్టరీ లాభాల మీద వేసే పన్నులో మామూలుగా ఊరికి ఏమీ దక్కదు, అది ఓబ్లాస్ట్‌కీ కేంద్రానికీ పోతుంది. వ్యాట్ కేంద్రానిది. ఊరికి నేరుగా వచ్చేవి భూమి పన్ను, ఇళ్ళ మీద పన్ను. వీటికి తోడు జనం జీతాల నుంచి కోసే ఆదాయపు పన్నులో ఒక చిన్న వాటా. ప్రస్తుత పద్ధతిలో మామూలు లెక్క ఇది: వసూలైన ప్రతి 100 రూబుళ్ళలో పట్టణ సెటిల్‌మెంట్‌కి 10, జిల్లాకి 5, మిగతా 85 ఓబ్లాస్ట్‌కి.

ఆ పది రూబుళ్ళు ఎప్పుడు వస్తాయో ఆలోచించండి. ఫ్యాక్టరీ జీతాలు ఇస్తే వస్తాయి. జీతాలు ఆగిన నెలే ఊరి ఆఫీసు ఆదాయం కూడా పడిపోతుంది, అంటే జనానికి సాయం అవసరమైన సమయానికే గల్లా ఖాళీ. ఆ కుర్చీలో ఎంత మంచివాణ్ణి కూర్చోబెట్టినా ఈ లెక్క మారదు. అందుకే అక్కడి అధికారుల చేతగానితనం అనే మాట విన్నప్పుడల్లా నాకు అన్యాయం అనిపిస్తుంది.

అసలు పికల్యోవోలో ఏం తయారవుతుంది?

మూడు సరుకులు: అల్యూమినా, సిమెంట్, సోడా-పొటాష్. మూడూ ఒకే రాయి నుంచి వస్తాయి. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే 2009 గొడవకి మూలం ఇందులోనే ఉంది.

ఉత్తరాన కోలా ద్వీపకల్పంలో ఖిబినీ కొండలున్నాయి. అక్కడ తవ్వే ఖనిజంలో అపటైట్, నెఫెలిన్ కలిసి ఉంటాయి. అపటైట్ ఫాస్ఫేట్ ఎరువులకి పోతుంది. మిగిలిన నెఫెలిన్‌లో అల్యూమినియం ఉంది, సోడియం, పొటాషియం కూడా ఉన్నాయి. దాన్ని పారబొయ్యకుండా వాడుకోవడానికి సోవియట్ ఇంజినీర్లు ఒక పద్ధతి తయారుచేశారు. నెఫెలిన్ పొడి రైల్లో పికల్యోవోకి వస్తుంది. ఊరి పక్కనే సున్నపురాయి క్వారీ ఉంది. రెండూ కలిపి నూరి, పొడవాటి రోటరీ కిల్న్‌లో, అంటే తిరిగే కొలిమిలో, దాదాపు 1,250–1,300 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కాలిన ముద్దను నలగ్గొట్టి ద్రావణంతో కడిగితే అల్యూమినియం నీళ్ళలోకి దిగుతుంది. ఆ ద్రావణంలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లగా అడుక్కి చేరుతుంది. దాన్ని కాల్చితే అల్యూమినా. మిగిలిన నీళ్ళని మరిగించి ఇంకిస్తే సోడా యాష్, పొటాష్ విడిపోతాయి. సోడా గాజు పరిశ్రమకి పనికొస్తుంది. కడగ్గా మిగిలిన బూడిదరంగు బురదలో కాల్షియం సిలికేట్ ఉంటుంది, అది నేరుగా సిమెంట్‌కి ముడిసరుకు.

కొలతలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక టన్ను అల్యూమినాకి సుమారు 4 టన్నుల నెఫెలిన్, 11 టన్నులకి పైగా సున్నపురాయి కావాలి. దాంతో పాటు దాదాపు ఒక టన్ను సోడా, పొటాష్, 9–10 టన్నుల సిమెంట్ వస్తాయి. నువ్వుల గానుగలో నూనె, తెలకపిండి ఒకేసారి వచ్చినట్టే. తెలకపిండి కొనేవాడు లేకపోతే గానుగ ఆడించేవాడికి గిట్టుబాటు కాదు.

పికల్యోవోలో 1930లలోనే సిమెంట్ పని మొదలైంది. అల్యూమినా కర్మాగారం 1959లో నడకలోకి వచ్చింది. సైబీరియాలో అచిన్‌స్క్‌లో ఇదే పద్ధతిలో నడిచే ఇంకో పెద్ద ప్లాంట్ ఉంది.

అంత బాగా అల్లుకున్న పద్ధతి అయితే ఎందుకు చెడింది?

సోవియట్ కాలంలో ఇదంతా ఒకే కంబైన్, అంటే ఒకే యాజమాన్యం కింద నడిచే ఫ్యాక్టరీల సముదాయం. ఒక విభాగం నష్టపోతే ఇంకోటి పూడ్చేది. 2004 ప్రాంతంలో దాన్ని మూడు కంపెనీలుగా విడగొట్టారు. 2008 నాటికి అల్యూమినా భాగం రష్యన్ పారిశ్రామికవేత్త ఒలెగ్ దెరిపాస్కా గ్రూపు చేతిలో బాసెల్‌సిమెంట్-పికల్యోవో పేరుతో ఉంది. సిమెంట్ ప్లాంట్ యూరోసిమెంట్‌ది. సోడా-పొటాష్ చేసే మెటాఖిమ్ అనే ప్లాంట్ ఎరువుల కంపెనీ ఫోస్‌ఆగ్రో వర్గానిది. ఖిబినీ నుంచి నెఫెలిన్ పంపే గని కూడా ఫోస్‌ఆగ్రోదే.

గొట్టాలు, కన్వేయర్లు ముగ్గురినీ కట్టిపడేశాయి, కానీ లెక్కల పుస్తకాలు మూడయ్యాయి. నెఫెలిన్‌కి ఎంత ధర ఇవ్వాలి, బురదకి ఎంత, ద్రావణానికి ఎంత అనే దాని మీద పేచీలు మొదలయ్యాయి. అల్యూమినా నష్టాల్లో ఉందని దాని యజమానులు ఆ లైన్ మానేసి మొత్తం సిమెంట్‌కి మార్చాలనుకున్నారు. 2008లో ప్రపంచ సంక్షోభం వచ్చి ధరలు కూలాయి. ముందు అల్యూమినా ఆగింది. అది ఆగితే మెటాఖిమ్‌కి ద్రావణం లేదు, సిమెంట్ ప్లాంట్‌కి ముడిసరుకు లేదు. 2009 మొదటి నెలలకల్లా మూడూ ఆగిపోయాయి.

2009లో ఏం జరిగింది?

వేల మంది పని పోయి ఇంట్లో కూర్చున్నారు, జీతాల బకాయిలు నెలలకి పాకాయి. మే నెల మధ్యలో ఊరంతా వేడినీళ్ళు ఆగిపోయాయి. మే 20న ఈ విషయం మీద మున్సిపల్ ఆఫీసులో సమావేశం జరుగుతుంటే వందల మంది, అందులో చాలామంది ఆడవాళ్ళు, లోపలికి దూసుకెళ్ళారు. వాళ్ళడిగింది మూడే: పని, జీతం, నీళ్ళు. ఎదురుగా కూర్చున్న స్థానిక అధికారుల దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

జూన్ 2న జనం ఏ-114 హైవే మీదికి వచ్చి కొన్ని గంటల పాటు రోడ్డు ఆపేశారు. లారీలు బారులు తీరాయి. రెండు రోజులకి, జూన్ 4న, అప్పటి ప్రధాని వ్లదీమిర్ పుతిన్ పికల్యోవో వచ్చాడు. టీవీ కెమెరాల ముందు మూడు కంపెనీల వాళ్ళనీ కూర్చోబెట్టి నిలదీశాడు. దెరిపాస్కాని ముందుకి పిలిచి ఒప్పందం మీద సంతకం పెట్టించాడు, వెనక్కి వెళ్ళిపోతుంటే పెన్ను ఇచ్చి వెళ్ళమన్నాడు. ఆ దృశ్యమే దేశమంతా చూసింది. అదే రోజు 4 కోట్ల రూబుళ్ళకి పైగా బకాయిలు కార్మికుల ఖాతాల్లోకి వెళ్ళాయి.

పెన్ను గురించి చాలా రాశారు. హైవే ఎక్కిన జనం గురించి తక్కువ రాశారు. వాళ్ళు ముందు ఊరి ఆఫీసుకి వెళ్ళారు. ఓబ్లాస్ట్ దాకా గోడు వినిపించారు. అన్ని తలుపులూ తట్టిన తర్వాతే రోడ్డు మీదికి వచ్చారు. నా దృష్టిలో ఆ రోజు అక్కడ గౌరవం దక్కాల్సింది వాళ్ళకే.

ఫ్యాక్టరీ మూతపడితే ఇళ్ళల్లో వేడినీళ్ళు ఎందుకు ఆగాలి?

సోవియట్ పట్టణాల్లో ఇంటింటికీ గీజరు ఉండదు. ఒక పెద్ద థర్మల్ ప్లాంట్ నుంచి గొట్టాల్లో వేడినీళ్ళు ఊరంతటికీ వెళ్తాయి. చలికాలంలో అవే గొట్టాలు గదుల్ని వెచ్చగా ఉంచుతాయి. పికల్యోవోలో ఆ ప్లాంట్ అల్యూమినా కర్మాగారం ఆవరణలో, దాని యజమానుల ఆస్తిగా ఉండేది. ప్రధానంగా ఫ్యాక్టరీకి ఆవిరి ఇవ్వడానికి కట్టింది అది, ఊరికి పంచడం దాని రెండో పని. ఫ్యాక్టరీ ఆగాక గ్యాసు బిల్లులు పేరుకుపోయాయి, గ్యాసు సరఫరాదారు వాల్వు మూసేశాడు.

చట్ట ప్రకారం ఊరికి వేడి అందించే బాధ్యత మున్సిపాలిటీది. బాయిలరు మాత్రం ప్రైవేటు కంపెనీది. ఇంతకన్నా సూటిగా ఈ ఊరి పరిస్థితిని చూపించే ఉదాహరణ నాకు తెలియదు. అది మే నెల కాబట్టి స్నానాలకి ఇబ్బందితో సరిపోయింది. మైనస్ 20 డిగ్రీలు ఉండే జనవరిలో అయితే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి అపార్ట్‌మెంట్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చేది. పసిపిల్లలున్న ఇళ్ళు, మంచాన పడ్డ ముసలివాళ్ళున్న ఇళ్ళు ఎంత టెన్షన్‌తో ఆ శీతాకాలం కోసం చూసి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ప్రధాని వచ్చి వెళ్ళాక సమస్య తీరిందా?

ప్లాంట్లు మళ్ళీ నడిచాయి. నెఫెలిన్ సరఫరాకి ఒప్పందాలు కుదిరాయి. అల్యూమినా కర్మాగారం తర్వాతి కాలంలో రుసాల్ అనే అల్యూమినియం కంపెనీ కిందికి వచ్చింది, ఇప్పటికీ ఊరికి అన్నం పెట్టేది అదే. ఆ మేరకు తీరినట్టే.

కానీ ఆ పరిష్కారం వ్యవస్థలోంచి రాలేదు, ఒక పెద్దమనిషి రాకతో వచ్చింది. సెటిల్‌మెంట్‌కి కొత్త అధికారాలేమీ రాలేదు. పన్నుల వాటా పెరగలేదు. అదే సమయంలో కష్టాల్లో ఉన్న ఇంకా ఎన్నో ఊళ్ళకి ఏ ప్రధానీ రాలేదు. అప్పట్నించి రష్యాలో అధికారులకి ‘పికల్యోవో మళ్ళీ జరగకూడదు’ అనే భయం మాత్రం పట్టుకుంది. ఆ భయం కొంత మేలే చేసింది, దాని గురించి తర్వాతి ప్రశ్నలో.

మోనోగోరద్ అంటే ఏమిటి?

ఒకే పరిశ్రమ మీద ఆధారపడ్డ పట్టణాన్ని రష్యన్లు అలా పిలుస్తారు. మాట పాతదే, ప్రభుత్వం దాన్ని పట్టించుకోవడం పికల్యోవో తర్వాత పెరిగింది. 2014లో స్పష్టమైన కొలమానం పెట్టారు: జనాభా 3 వేలకి మించాలి, సంస్థల్లో పనిచేసేవాళ్ళలో కనీసం 20 శాతం మంది ఒకే గని లేదా కర్మాగారంలో ఉండాలి. అలా 313 ఊళ్ళతో జాబితా తయారైంది, పరిస్థితిని బట్టి మూడు తరగతులుగా విడదీశారు. అదే ఏడాది మోనోగోరద్‌ల అభివృద్ధి నిధి పెట్టారు. కొత్త పరిశ్రమ పెట్టేవాళ్ళకి రోడ్డు, కరెంటు లైను లాంటి వాటికి ఆ నిధి డబ్బిచ్చింది. ఇలాంటి కొన్ని ఊళ్ళని పన్ను రాయితీల ప్రాంతాలుగా కూడా ప్రకటించారు, వాటిలో పికల్యోవో ఒకటి.

ఊళ్ళో రెండో ఉపాధి దారి వెయ్యడమే వీటన్నిటి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే 20 వేల మంది ఊరికి, అదీ పెద్ద నగరానికి నాలుగు గంటల దూరంలో ఉన్నదానికి, కొత్త పరిశ్రమని రప్పించడం ఎక్కడైనా కష్టమే.

స్థానిక పాలనలో ఇప్పుడేమైనా మారుతోందా?

మారుతోంది. 2025 మార్చిలో స్థానిక స్వపరిపాలన మీద కొత్త ఫెడరల్ చట్టం వచ్చింది. సెటిల్‌మెంట్లు, జిల్లా అనే రెండు అంతస్తుల్ని తీసేసి ఒకే అంతస్తు పెట్టాలన్నది దాని దారి. పార్లమెంటులో దీని మీద చాలా వాదన జరిగింది. చివరికి కావాలనుకున్న ప్రాంతాలు రెండు అంతస్తుల పద్ధతిని ఉంచుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు.

ఒకే అంతస్తు అయితే ఖర్చు తగ్గుతుందని సమర్థించేవాళ్ళు అంటారు. ఊరి పేరు మీద ఎన్నికయ్యే కౌన్సిలే ఉండదని వ్యతిరేకించేవాళ్ళు అంటారు. పికల్యోవో అనుభవం చూశాక నేను రెండో పక్షానే ఉంటాను. ఆ కౌన్సిల్‌కి అధికారం తక్కువే కావచ్చు, కానీ 2009 మే నెలలో జనం మొదట వెళ్ళి నిలదీయడానికి ఊళ్ళోనే ఒక ఆఫీసు ఉంది. అది 30 కిలోమీటర్ల అవతలికి పోతే ఆ మాత్రం కూడా ఉండదు.

బోక్సితోగోర్స్క్ పరిస్థితి ఏమిటి?

ఆ ఊరూ మోనోగోరదే. బాక్సైట్ రోజులు వెనకబడ్డాయి, అక్కడి ప్లాంట్ ఇప్పుడు సానరాళ్ళకి, కొలిమి ఇటుకలకి వాడే కొరండం చేస్తుంది. అదీ రుసాల్‌దే. అంటే జిల్లాలోని రెండు పట్టణాల బతుకూ ఒకే కంపెనీ నిర్ణయాల మీద నడుస్తోంది.

ఆ వైపు వెళ్తే చూడటానికేమైనా ఉందా?

పికల్యోవో సోవియట్ కాలపు ఇటుక భవనాలు, ఫ్యాక్టరీ పొగగొట్టాలు, చుట్టూ అడవి. పర్యాటకుల ఊరు కాదు. చరిత్ర మీద ఇష్టం ఉంటే మాత్రం ఈ జిల్లాలో జాబోర్యే స్టేషన్ ఉంది. 1941 నవంబర్‌లో జర్మన్ సైన్యం తిఖ్విన్‌ని పట్టుకోవడంతో ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాద్‌కి రైలు దారి తెగిపోయింది. అప్పుడు తిండి సరుకుల్ని జాబోర్యేలో దింపి, అడవుల్లో అప్పటికప్పుడు వేసిన బాట మీద లారీల్లో లాదొగా సరస్సు వైపు తోలారు. డిసెంబర్ 9న తిఖ్విన్ తిరిగి దక్కేదాకా ఇదే పరిస్థితి. జిల్లా ఉత్తర భాగపు పల్లెల్లో వెప్స్ అనే చిన్న జాతి వాళ్ళున్నారు, వాళ్ళ భాష ఫిన్నిష్‌కి దగ్గరిది. పక్కనే ఉన్న తిఖ్విన్ సంగీతకారుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ పుట్టిన ఊరు, ఆయన ఇల్లు మ్యూజియంగా ఉంది.

పీటర్స్‌బర్గ్ లాదొజ్‌స్కీ స్టేషన్ నుంచి వోలోగ్దా వైపు వెళ్ళే రైళ్ళు ఈ దారిలోనే పోతాయి. అన్నీ పికల్యోవోలో ఆగవు, టికెట్ కొనేముందు చూసుకోండి. తిఖ్విన్‌లో దిగి ఒక పూట అక్కడ గడిపి, బస్సులో పికల్యోవో వెళ్ళడం నయం.